హడ్డీ గోళీ, బీపీ గోళీ: రెండింటికీ దుష్మనీ లేదు



మన ఇళ్ళల్లో ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో ఓ దవా డబ్బా ఉంటుంది. పాత బిస్కెట్ డబ్బానో, ఈద్‌కి వచ్చిన మిఠాయి డబ్బానో. అందులో రెండు రకాల గోళీలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి చిన్నది, తెల్లగా కందిగింజంత ఉంటుంది. అది అబ్బాది, బీపీ గోళీ. రెండోది సుద్దముక్కలా లావుగా ఉంటుంది. అది అమ్మీది, హడ్డీ గోళీ. అంటే కాల్షియం. ఎవరు పంచారో తెలీదు గానీ మన ఖాందాన్‌లలో బీమారీలు కూడా ఇలా పంచేసుకున్నాం. బీపీ మగాళ్ళది, ఘుట్నాల నొప్పి ఆడాళ్ళది.

ఈమధ్య అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో ఏ రిష్తేదార్ ఇంటికెళ్ళినా ఒకటే సవాల్ ఎదురవుతోంది. "భాయ్, బీపీ గోళీ అంటే కాల్షియాన్ని ఆపేదట కదా? పిల్లలు ఫోన్లో చూసి చెప్పారు. మరి ఇద్దరం ఒకే పూట చెరో గోళీ మింగుతున్నాం. నాక్కూడా బీపీ వచ్చిందన్నారు. రెండూ నేనే వేసుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకోవా?" ఇలా అడిగిన ఖాలాలు, ఫుప్పూలు చాలామంది అడగడంతో ఆగలేదు. ఏదో ఒకటి మానేశారు. కొందరు కాల్షియం మానేశారు, అది కొంత నయం. కొందరు బీపీ గోళీ మానేశారు. నాకు ఖౌఫ్ వేసింది అక్కడే.

నేను డాక్టర్ని కాను. ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, వార్తలు రాసుకు బతికేవాణ్ణి. అయితే ఈ సవాల్‌కి జవాబు వైద్యశాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. అది మన ఇళ్ళదాకా మన జబాన్‌లో రాలేదు, అంతే. అందుకే రాస్తున్నాను. నా రాయ్ ముందే చెప్పేస్తాను: ఈ రెండు గోళీలకీ దుష్మనీ లేదు. దుష్మనీ ఉన్నది మన అధూరా ఇల్మ్‌కీ మన ప్రాణానికీ మధ్య.

దబావ్, పోటు, టెన్షన్

మాటల దగ్గర మొదలుపెడతాను, అది నాకు తెలిసిన పని. ఉర్దూలో దీన్ని ఖూన్ కా దబావ్ అంటారు. దబావ్ అంటే ఒత్తిడి. తెలుగులో రక్తపోటు. పోటు అంటే కోనసీమ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అంతర్వేది దగ్గర సముద్రం ఆటుపోట్లు చూస్తూ పెరిగినవాళ్ళం. రెండూ సరైన మాటలే. కానీ ఇంగ్లీషు మాట హైపర్‌టెన్షన్‌లో ఉన్న 'టెన్షన్' మన దిమాగ్‌లో ఇరుక్కుపోయింది. "ఆయనకేం టెన్షన్ ఉంది, బీపీ రావడానికి?" అంటాం. "కూతురి షాదీ అయిపోయింది, టెన్షన్ తగ్గింది, ఇంక గోళీ ఎందుకు?" అంటాం. ఇది మాట చేసిన మోసం. అక్కడ టెన్షన్ అంటే రక్తనాళం గోడ మీద పడే బిగువు. మనసులో ఫికర్ కాదు. ఫికర్ ఉంటే కాసేపు పెరుగుతుంది, నిజమే. కానీ ఏళ్ళ తరబడి 150, 160 దగ్గర నిలబడే బీపీకి కారణాలు గుర్దాలలో, నాళాల గోడల్లో, ఉప్పులో, హార్మోన్లలో ఉంటాయి.

దీని ఖరీదు ఎంతో మన గోదావరి జిల్లాల లెక్కే చెబుతుంది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఒక ఏడాదిపాటు చనిపోయిన ప్రతి మనిషీ దేనివల్ల పోయాడో ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని ఆ పనికి పేరు. అప్పటికి కోనసీమ తూర్పు గోదావరిలో భాగమే. ఆ లెక్కలో 32 శాతం మౌత్‌లు గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. దిల్ కా దౌరా, ఫాలిజ్. అంటే ప్రతి మూడు జనాజాల్లో దాదాపు ఒకటి. పల్లెటూళ్ళలో జనం జ్వరాలతో పోతారని అందరూ అనుకుంటున్న రోజుల్లో వచ్చిన లెక్క అది.

ఇంకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. మగాళ్ళలో అంతకన్నా కొంచెం ఎక్కువ, అంతే. మరి బీపీ మగాళ్ళ జబ్బని ఎవరన్నారు?

లాకులు, తూములు

ఇప్పుడు అసలు సవాల్. కాల్షియానికీ బీపీకీ రిష్తా ఏమిటి?

ఒంట్లో కాల్షియం కిలో పైచిలుకు ఉంటుంది. అందులో 99 శాతం హడ్డీల్లో, పళ్ళల్లో జమ. మిగిలిన ఒక్క శాతమే ఖూన్‌లోనూ కండరాల్లోనూ తిరుగుతూ ఉంటుంది. గుండె కొట్టుకోవాలన్నా, వేలు కదపాలన్నా, నరం వార్త మోయాలన్నా ఆ కొంచెమే కావాలి.

రక్తనాళాల గోడల్లో సన్నటి కండరం ఉంటుంది. ఆ కండర కణాలకి బుల్లి తలుపులుంటాయి. తలుపు తెరుచుకుని కాల్షియం లోపలికెళితే కండరం బిగుస్తుంది. నాళం సన్నబడుతుంది, బీపీ పెరుగుతుంది. కాల్షియం బయటికెళ్ళిపోతే కండరం వదులై నాళం విచ్చుకుంటుంది. కణం బయట ఉన్న కాల్షియంతో పోలిస్తే లోపల ఉండేది దాదాపు పదివేల వంతు తక్కువ. అంత తేడా నిలబెట్టడానికి కణం రాత్రీపగలూ లోపలి కాల్షియాన్ని బయటికి తోడుతూనే ఉండాలి. ఆ మోటారుకి ఇంధనం ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టినవాడు గోదావరికి అవతలి గట్టు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుక్కున్నాడు. మన బీపీ కథలో మన మట్టి మనిషి కూడా ఉన్నాడని చెప్పుకోవడానికి నాకు ఫఖ్ర్‌గా ఉంటుంది.

ఇది అర్థం కావడానికి మన కాలవల్ని చూస్తే చాలు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు నిలుస్తాయి. అక్కణ్ణించి కాలవలు, లాకులు దాటి, గన్నవరం అక్విడెక్టు మీంచి నది దాటి, చివరికి చేను గట్టున ఉన్న తూము దగ్గరికి వస్తాయి. ఆనకట్ట దగ్గర ఎన్ని నీళ్ళున్నాయనేది ఒక సంగతి. మీ చేను తూము ఎంత తెరిచి ఉందనేది ఇంకో సంగతి. ఖూన్‌లో కాల్షియం ఆనకట్ట నీళ్ళలాంటిది. నాళం కండరంలోకి వెళ్ళేది తూము నీళ్ళు. ఎమ్లోడిపిన్ అనే బీపీ గోళీ చేసేది ఆ తూముని కొంచెం దించడం. అంతే. ఆనకట్టని ఖాళీ చెయ్యదు. హడ్డీల్లోంచి కాల్షియం లాగదు. 1960లలో జర్మనీలో ఫ్లెకెన్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త ఈ తలుపుల్ని మూసే మందుల సంగతి బయటపెట్టాడు. వాటికి కాల్షియం ఛానల్ బ్లాకర్లని పేరొచ్చింది. ఛానల్ అంటే కాలవ. మందు మూసేది కాలవనే, కాల్షియాన్ని ఒంట్లోంచి తీసెయ్యదు.

కాబట్టి ఖాలా, పాలు తాగినా, డాక్టర్ రాసిన మోతాదులో కాల్షియం గోళీ వేసుకున్నా, మీ ఎమ్లోడిపిన్ బేకార్ అయిపోదు. ఎమ్లోడిపిన్ వేసుకున్నందుకు మీ హడ్డీలు కరిగిపోవు. దానితో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. "కిడ్నీలు పోయాయి" అని బెంబేలెత్తి మానేస్తారు. చాలాసార్లు అది ఆ మందు గుణమే. డాక్టర్‌కి చూపిస్తే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే మందు రాస్తారు. చెప్పకుండా మానడం మాత్రం ఇలాజ్ కాదు.

నాలుగు మసూర్ గింజలు

మరి ఆనకట్ట దగ్గర నీటిమట్టాన్ని చూసేదెవరు? గొంతులో థైరాయిడ్ గ్రంథి వెనక మసూర్ గింజంత సైజులో నాలుగు గ్రంథులుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. పేరులో థైరాయిడ్ ఉంది గానీ పని పూర్తిగా వేరు. 1880లో స్వీడన్‌లో సాండ్‌స్ట్రోమ్ అనే మెడికల్ స్టూడెంట్ మనిషిలో వీటిని మొదట వర్ణించాడు. అంతకు ముందే లండన్ జూలో చచ్చిపోయిన ఒక హిందుస్తానీ ఖడ్గమృగంలో రిచర్డ్ ఓవెన్ వీటిని చూశాడు. వైద్యచరిత్రలో ఇదో తమాషా.

ఈ నాలుగూ మీజాన్ పట్టుకు కూర్చున్న పహరేదార్లు. 100 మిల్లీలీటర్ల ఖూన్‌లో కాల్షియం సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తగ్గిందంటే వీటినుంచి పారాథార్మోన్ బయల్దేరుతుంది. హడ్డీ బ్యాంకు నుంచి కొంత విత్‌డ్రా చేస్తుంది. గుర్దాలతో "కాల్షియం పోనివ్వకండి" అంటుంది. విటమిన్ డిని నిద్రలేపి పేగుల్లోంచి ఎక్కువ కాల్షియం లాగిస్తుంది. పెరిగితే చల్లబడుతుంది.

మనం తిండిలో కాల్షియం తక్కువ తీసుకుంటే ఏమవుతుంది? ఖూన్‌లో మట్టం పెద్దగా తగ్గదు, ఎందుకంటే పహరేదార్లు హడ్డీల్లోంచి తెచ్చి నింపేస్తారు. కానీ ఆ హార్మోన్లు ఎప్పుడూ పైనే ఉంటాయి. అవే హార్మోన్లు నాళాల కండరాల్లోకి కాల్షియం ఎక్కువ పోయేలా చేస్తాయని చాలామంది శాస్త్రవేత్తల వాదన. వినడానికి ఉల్టాగా ఉంటుంది: తిండిలో కాల్షియం తక్కువైతే కండరంలో ఎక్కువ. ఆనకట్టలో నీళ్ళు తక్కువన్న భయంతో ప్రతివాడూ తన తూము ఎత్తుకున్నట్టు. దీన్ని పట్టుకుని "కాల్షియం తింటే బీపీ నయమవుతుంది" అని ఎగరకండి. పరీక్షలు చేసి చూస్తే మామూలు మనుషుల్లో తగ్గేది ఒకటి రెండు పాయింట్లే. హడ్డీలకి మంచిదే. కానీ బీపీ గోళీకి బదులు కాదు.

ఒక్కోసారి ఆ నాలుగు గింజల్లో ఒకటి బాగీ అవుతుంది. గడ్డ కట్టి అదుపు లేకుండా హార్మోన్ వదులుతుంది. ఖూన్‌లో కాల్షియం పెరుగుతుంది, హడ్డీలు గుల్లబారతాయి, గుర్దాల్లో రాళ్ళు పడతాయి, మలబద్ధకం, నీరసం, ఉదాసీ వస్తాయి. చాలామందికి బీపీ కూడా ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది కాల్షియం రక్తపరీక్ష. ఆ గ్రంథిని ఆపరేషన్ చేసి తీసేస్తే హడ్డీలు, రాళ్ళ బాధ తగ్గుతాయి. బీపీ కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. మన దగ్గర జరిగేదేమిటంటే రాళ్ళకి ఒక డాక్టరు, ఘుట్నాలకి ఇంకో డాక్టరు, బీపీకి మూడో డాక్టరు. ముగ్గురి చీటీలూ ఒక్క బల్ల మీద పెట్టి చూసేవాళ్ళు లేరు. ఘుట్నాల నొప్పి అనగానే రక్తపరీక్ష లేకుండా కాల్షియం గోళీ రాసేస్తే, అప్పటికే కాల్షియం ఎక్కువున్న మనిషికి ఇంకా పోసినట్టవుతుంది.

గుర్దాల మీది టోపీలు

ఇంకో హార్మోన్ సంగతి చెప్పకపోతే బాత్ అధూరాగా ఉంటుంది. గుర్దాల మీద టోపీల్లా ఎడ్రినల్ గ్రంథులుంటాయి. వాటిలో తయారయ్యే ఆల్డోస్టెరోన్ ఉప్పుని ఒంట్లో ఆపి, పొటాషియంని మూత్రంలో వదిలేస్తుంది. అది మోతాదు మించితే బీపీ మొండికేస్తుంది. 1955లో అమెరికా డాక్టర్ జెరోమ్ కాన్ దీన్ని వివరించాడు. చాలాకాలం ఇది అరుదైన జబ్బనుకున్నారు. ఇప్పుడు బీపీ ఉన్న ప్రతి వందమందిలో అయిదు నుంచి పదిమందికి, మూడు మందులకీ లొంగని వాళ్ళలో అయిదుగురికి ఒకరి దాకా ఇదే కారణమని లెక్క. దీనికి పరీక్ష ఉంది, వేరే మందు ఉంది, కొందరికి ఆపరేషన్ కూడా ఉంది.

ఈ హార్మోన్‌కీ ఆ మసూర్ గింజలకీ మధ్య కూడా దోస్తీ ఉంది. ఆల్డోస్టెరోన్ పెరిగితే మూత్రంలో కాల్షియం పోతుంది, దానికి పారాథార్మోన్ పెరుగుతుంది. పారాథార్మోన్ పెరిగితే అది మళ్ళీ ఆల్డోస్టెరోన్‌ని ఎగదోస్తుంది. అందుకే నేననేది: హడ్డీ ఒక ఖాతా, బీపీ ఒక ఖాతా అని ఒళ్ళు విడివిడిగా రాసుకోదు. గుర్దా దగ్గర రెండు ఖాతాలూ కలుస్తాయి.

ముప్పై అయిదేళ్ళకే బీపీ వచ్చిన జవాన్ కొడుకుని చూసి "వాడి నసీబ్" అనకండి. "వాళ్ళ దాదాకీ ఉంది" అని సరిపెట్టుకోకండి. చిన్న వయసు, మూడు మందులకీ తగ్గని పోటు, పొటాషియం తక్కువ, మాటిమాటికీ గుర్దాల్లో రాళ్ళు. వీటిలో ఏది ఉన్నా "డాక్టర్ సాబ్, హార్మోన్ వల్ల కావచ్చా? ఒకసారి పొటాషియం, కాల్షియం చూడొచ్చా?" అని అడగండి. అడగడం బేఅదబీ కాదు, మీ హక్.

నమక్ అనే దొంగ

బీపీనీ హడ్డీలనీ ఒకేసారి దోచే దొంగ ఒకడున్నాడు. వాడు మన దస్తర్‌ఖాన్ మీదే కూర్చుంటాడు. నమక్. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుందని అందరికీ తెలుసు. గుర్దాలు ఆ ఉప్పుని బయటికి తోసేటప్పుడు కాల్షియాన్ని కూడా వెంట పంపిస్తాయని చాలామందికి తెలీదు. రోజూ ఆరు గ్రాముల ఉప్పు అదనంగా తింటే దాదాపు 40 మిల్లీగ్రాముల కాల్షియం మూత్రంలో పోతుంది. రోజుకి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఒక చెంచా. మన దేశంలో తినేది 8 నుంచి 11 గ్రాములని రకరకాల సర్వేలు చెబుతున్నాయి.

ఇప్పుడు మన కోనసీమ వంటిల్లు చూడండి. ఆవకాయ, ఎండు మెత్తళ్ళు, రొయ్యపొట్టు, అప్పడాలు, బిర్యానీ పక్కన అచార్. మెత్తళ్ళని ముల్లుతో సహా తింటాం కాబట్టి వాటిలో కాల్షియం దండిగా ఉంటుంది. కానీ ఉప్పు పట్టించి ఎండబెట్టిన వాటిలో ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టే. అదే పచ్చి మెత్తళ్ళు, దొరికే రుతువులో చీరమేను అయితే బేఫికర్‌గా తినొచ్చు. పాలలో 100 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు, రాగుల్లో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లన్నంలో ఉండేది నామ్‌కే వాస్తే. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 1,000 మిల్లీగ్రాములు. రెండు పూటలా అన్నం, గోష్త్ సాలన్ తిని, పాలు చాయ్‌లోకి తప్ప వాడని ఇంట్లో అది రాదు. వారంలో రెండు మూడు రోజులు రాగి జావ, రోజూ ఓ గిన్నె పెరుగు, మునగాకు. ఇవి గరీబ్ ఇంటికి కూడా అందేవే.

కొబ్బరిబొండాం గురించి ఓ మాట. మన సీమలో మెహమాన్ వస్తే ముందు బొండాం కొడతాం. అందులో పొటాషియం ఎక్కువ. మామూలు వాళ్ళకి మంచిదే. గుర్దాలు దెబ్బతిన్నవాళ్ళు, టెల్మిసార్టన్ లాంటి మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా రోజూ తాగొద్దు.

కోడళ్ళ గోళీలు

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కాల్షియం గోళీ నిజంగా బీపీ నుంచి కాపాడే చోటు ఒకటుంది. అది మన కోడళ్ళ, కూతుళ్ళ కడుపు పండిన సమయం.

హమల్‌లో అయిదో నెల తర్వాత కొందరికి హఠాత్తుగా బీపీ పెరుగుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోతుంది, ముఖం వాస్తుంది, తల పగిలిపోతుంది, కళ్ళు మసకబారతాయి, పొట్ట పైభాగంలో నొప్పి వస్తుంది. ముదిరితే ఫిట్స్. పాతకాలం వాళ్ళు దీన్ని గుర్రపువాతం అనేవారు. మన ముసలమ్మలు కొందరు సాయా పడిందనేవారు. తల్లినీ బిడ్డనీ కూడా తీసుకుపోయే జబ్బు ఇది.

1980లో బెలిజాన్, విల్లార్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక సంగతి గమనించారు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో మాయా జాతి ఆడవాళ్ళు కడు పేదలు. అయినా వాళ్ళలో ఈ ఫిట్స్ చాలా తక్కువ. ఎందుకా అని చూస్తే, వాళ్ళు మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో నానబెట్టి రొట్టెలు చేసుకుంటారు. అలా కాల్షియం వాళ్ళ తిండిలోకి చేరుతోంది. మనవాళ్ళు పాన్‌కి రాసే చూనా ఉంది చూశారా, అదే సున్నం. అలాగని పాన్ తినమనడం లేదు, వక్క నోటి క్యాన్సర్ తెస్తుంది. కానీ ఆ ఒక్క గమనింపు నుంచి దేశదేశాల్లో పరీక్షలు జరిగాయి. తిండిలో కాల్షియం తక్కువున్న గర్భిణులకి గోళీలిస్తే ఈ జబ్బు తగ్గుతుందని తేలింది. 2014లో మన కేంద్ర ప్రభుత్వం కూడా నియమం పెట్టింది: నాలుగో నెల నుంచి కాన్పు దాకా, కాన్పయ్యాక ఆరు నెలలు, రోజుకి 500 మిల్లీగ్రాముల గోళీలు రెండు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ముఫ్త్‌గా ఇస్తారు. 2024లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో బెంగళూరులో 11,000 మంది గర్భిణుల్ని చూశారు. రోజుకి 1,500 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్ళకన్నా 500 ఇచ్చినవాళ్ళేమీ వెనకబడలేదు. అంటే అందులో ఒక్క గోళీ వేసుకున్నా ఫాయిదా ఉంది. ఒక్కటీ వేసుకోకపోతేనే నుక్సాన్.

మరి ఆ గోళీలు ఏమవుతున్నాయి? అల్మారీలో పడుంటున్నాయి. "బిడ్డ తల పెద్దదవుతుంది, కాన్పు కష్టమవుతుంది" అని సాస్ చెబుతుంది. "ఖబ్జ్ వస్తోంది" అని కోడలు అంటుంది. "మా రోజుల్లో ఏం వేసుకున్నాం?" అని దాదీ అంటుంది. దాదీగారూ, మీ రోజుల్లో ఎంతమంది జచ్చాలు తిరిగిరాలేదో ఒక్కసారి వేళ్ళమీద లెక్కపెట్టండి. బిడ్డ తల కాల్షియం గోళీవల్ల పెద్దదవదు. ఖబ్జ్‌కి నీళ్ళు, ఆకుకూరలు ఉన్నాయి. ఇనుము గోళీ, కాల్షియం గోళీ ఒకే పూట మాత్రం వద్దు. ఒకటి పొద్దున్న, ఒకటి రాత్రి అన్నం తిన్నాక. థైరాయిడ్ గోళీకి కూడా కాల్షియంతో నాలుగు గంటల ఎడం ఉండాలి.

ధూప్, సూది

విటమిన్ డి లేకుండా కాల్షియం ఒంటికి పట్టదు. అది ధూప్ వల్ల తయారవుతుంది. బుర్ఖా వల్లే మన ఆడవాళ్ళకి ఈ లోటు అని టీవీల్లో కొందరు తీర్పులిస్తుంటారు. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు 2007, 2008లలో అచ్చువేసిన పరిశోధనలు చూడండి. ఎండలో పొలం పనిచేసే పల్లెజనంలో కూడా విటమిన్ డి లోటు కనిపించింది. తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యాల్లో దాన్ని పట్టనివ్వని ఫైటేట్ ఎక్కువ. కాబట్టి ఇది ఒక్క కౌమ్ సమస్య కాదు, మన తెలుగు కంచం సమస్య. అయినా నిజం దాచను: రోజంతా గోడల మధ్య ఉండే ఆడవాళ్ళకి నష్టం ఎక్కువే. పర్దా పాటించే ఇంట్లో కూడా పెరడుంది, డాబా ఉంది. చేతులకీ కాళ్ళకీ కాసేపు ఎండ తగిలితే ఏ తహజీబ్ చెడదు. కువైట్‌లో, దుబాయ్‌లో ఇళ్ళపనికి వెళ్ళిన మన కోనసీమ అక్కచెల్లెళ్ళ సంగతీ ఇంతే. ఏసీ గోడల మధ్య ఏళ్ళు గడుస్తాయి. ఛుట్టీకి వచ్చినప్పుడు బంగారం కొనేముందు ఒక్కసారి బీపీ చూపించుకోండి ఆపా.

దీనికి ఉల్టాగా ఇంకో ఖత్రా ఉంది. ఒళ్ళునొప్పులని ఆర్ఎంపీ దగ్గరికి వెళితే ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి సూది వేసేస్తారు. నెల తిరిగి ఇంకోటి. ఎవరూ పరీక్ష అడగరు. విటమిన్ డి మోతాదు మించితే ఖూన్‌లో కాల్షియం పెరిగి గుర్దాలు దెబ్బతింటాయి. బీపీ గోళీలో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌తాలిడోన్ అనే మూత్రం మందు కలిసి ఉంటే జాగ్రత్త మరీ అవసరం, అవి మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతాయి. అందుకే గోళీల పట్టీలన్నీ ఒకే సంచిలో వేసుకుని డాక్టర్‌కి చూపించండి. విటమిన్ డి గోళీతో బీపీ తగ్గుతుందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఎలుకల్లో ఆశ కనిపించింది గానీ మనుషుల మీద చేసిన పెద్ద పరీక్షల్లో అది నిలబడలేదు.

నేనడిగేది

సర్కార్‌ని ఒకటడుగుతాను. పీహెచ్‌సీల్లో బీపీ గోళీ ఉచితంగా ఇస్తున్నారు, షుక్రియా. కొత్తగా బీపీ బయటపడిన ప్రతి మనిషికీ ఒక్కసారి క్రియాటినిన్, పొటాషియం, కాల్షియం పరీక్ష కూడా ఉచితంగా చెయ్యండి. మొండి బీపీ ఉన్నవాళ్ళని అమలాపురంలోనో కాకినాడలోనో హార్మోన్ పరీక్షకి పంపే దారి చీటీ మీద రాసి ఇవ్వండి. పేదవాడు హార్మోన్ డాక్టర్‌ని వెతుక్కుంటూ హైదరాబాద్ పోలేడు.

డాక్టర్లని ఒకటడుగుతాను. మీరు రాసేది ఇంగ్లీషు, మాట్లాడేది తెలుగు, మా దాదీ ఆలోచించేది ఉర్దూ. మూడు జబాన్‌ల మధ్య ఒక్క వాక్యం తప్పిపోయినా గోళీ ఆగిపోతుంది. "ఇది బీపీకి, ఇది ఎముకకి, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టవు" అనడానికి పది సెకన్లు చాలు.

మన మొహల్లా కమిటీలని ఒకటడుగుతాను. జల్సాకి షామియానా, సౌండ్ బాక్సులకి పెట్టే ఖర్చులో ఓ చిన్న వంతు పెడితే మంచి బీపీ మిషన్ వస్తుంది. జుమ్మా తర్వాత మస్జిద్ వరండాలో చూడండి, మంచిదే. కానీ అక్కడికి వచ్చేది మగాళ్ళే కదా. అదే మిషన్ ఇంకో రోజు ఆడవాళ్ళు జమయ్యే చోటికి పంపండి. పిల్లల అరబీ క్లాసు దగ్గర తల్లులు కూర్చుంటారు, అక్కడ పెట్టండి. రంజాన్‌కి నెలముందే చూపించుకుంటే రోజుకి ఒకసారి వేసుకునే గోళీ ఇఫ్తార్‌కా సెహ్రీకా అన్నది డాక్టరే చెబుతారు. రోజా పేరుతో నెలంతా గోళీ మానేసి, ఈద్ మర్నాడు ఫాలిజ్‌తో దవాఖానా చేరే ఖర్మ ఎవరికీ వద్దు.

ఇక చదువుకున్న మన పిల్లలకి. ఫోన్లో సగం చదివి అమ్మీకి సగం చెప్పకండి. ఆమె పక్కన కూర్చుని, ఆ డబ్బాలోని పట్టీలు ఒక్కొక్కటే తీసి, ఏది దేనికో తెలుగులోనో ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అతికించండి. మీ అమ్మీ బీపీ ఎంతో మీకు తెలుసా? అబ్బాది చెప్పేస్తారు, నాకు తెలుసు. నేనడుగుతున్నది అమ్మీది. తెలీకపోతే ఈ ఆదివారం కనుక్కోండి.